గడ్డ చిన్నదే, కానీ పిల్లగాడు కాలు కింద పెట్టట్లేదు

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి సంగతి మాత్రం చెబుతాం. వారికి నాలుగేళ్ల బాబు, తొమ్మిది నెలల పాప. భర్త పని హైదరాబాద్‌లో, పదిహేను రోజులకోసారి వస్తారు. ఇంట్లో అత్తమ్మ, మామ ఉంటారు. మొన్న వానాకాలంలో బాబు మొరం రోడ్డు మీద పడితే మోకాలి కింద చెక్కుకుపోయింది. రెండో రోజుకు అక్కడ చిన్న గడ్డ లేచింది. అత్తమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. మూడో రోజు జ్వరం 101 వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది. నాలుగో రోజు రాత్రి జ్వరం తిరిగొచ్చింది, బాబు ఆ కాలు కింద పెట్టనని ఏడుపు. భర్తకు ఫోన్ చేస్తే ‘పొద్దున దాకా చూడు’ అన్నాడు. ఈమె ఆగలేదు, పదకొండు గంటలకు ఆటో మాట్లాడుకుని వరంగల్ పోయింది. అక్కడ చీము తీసి, రెండు రోజులు ఉంచుకుని పంపారు. ‘కీలు లోపలికి పోలేదు, టైముకు తెచ్చిండ్రు’ అన్నారట.

అంతకు ముందు ఏడు ఇదే బాబుకు జలుబు, జ్వరం వస్తే అర్ధరాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఉరికితే మూడు వేలు ఖర్చయ్యాయి. ‘దీనికేనా ఇంత రాత్రి’ అని పంపేశారు. ఆ మాట ఇంట్లో ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఇప్పుడు పాపకు చెవి వెనక శనగగింజంత గడ్డ కనిపించింది. ‘పిల్లలన్నంక గడ్డలు కావా’ అంటోంది అత్తమ్మ. ‘ఎప్పుడు ఆగాలె, ఎప్పుడు ఉరకాలె? ప్రతిసారీ నేనొక్కదాన్నే ఎట్ల తేల్చుకోవాలె? బాబుకు ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ సగం మిగిలింది, పాపకు వేయొచ్చా?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఇంట్లో ఆ రెండు రాత్రులను కలిపి మాట్లాడుతున్నట్టున్నారు. ముందు వాటిని విడదీద్దాం. జలుబు రాత్రి మిమ్మల్ని కదిలించింది థర్మామీటర్ మీది అంకె. గడ్డ రాత్రి కదిలించింది బాబు కాలు కింద పెట్టకపోవడం. రెండోది అసలైన గుర్తు. అది మీకు తెలిసే చేశారో, తల్లి మనసుకు తోచి చేశారో గానీ, చేసింది సరైన పని. ఎందుకు సరైనదో తెలిస్తే ఈసారి ఫోన్‌లో గట్టిగా చెప్పగలుగుతారు.

చర్మం మీది గడ్డ పెద్దదైనా పిల్లలు చాలావరకు కుంటుకుంటూనైనా నడుస్తారు, ఆట వదలరు. అసలు బరువే మోపనంటున్నారంటే, కాలు కాస్త వంచినా, చాపినా కేక పెడుతున్నారంటే చీము కీలులోకో ఎముకలోకో చేరిందేమోనని అనుమానించాలి. కీలు లోపల చీము పడితే మృదులాస్థి, అంటే ఎముకల చివర ఉండే మెత్తటి పొర, రోజుల్లోనే పాడవుతుంది. ఒకసారి పాడైతే తిరిగి రాదు. అందుకే జ్వరం, దానికి తోడు కాలు గానీ చెయ్యి గానీ వాడకపోవడం, ఈ రెండూ కలిస్తే గడ్డ కందిగింజంత ఉన్నా సరే పొద్దున దాకా ఆగకూడదు. మీ బాబుకు లోపలికి పోలేదు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది స్కానింగ్, రక్తపరీక్ష చేయగలిగిన చోటే గానీ ఇంట్లో కాదు.

ఇక సూది సంగతి. మూడో రోజు ఒళ్లు చల్లబడింది కాబట్టి అందరూ తగ్గిందనుకున్నారు. ఆ సూదిలో ఏముందో మీ ఉత్తరంలో లేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. జ్వరం వేగంగా దించే సూదులు సాధారణంగా పారాసెటమాలో, డైక్లోఫెనాకో అయి ఉంటాయి. కొన్నిచోట్ల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా కలుపుతారు. వీటిలో ఏదీ చీము మీద పని చేయదు. స్టెరాయిడ్ అయితే జ్వరం, వాపు, నొప్పి మూడింటినీ కప్పేసి, పిల్లవాడు హుషారుగా కనిపించేలా చేస్తుంది. లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. వానాకాలంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ జ్వరం డెంగీ అయితే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కాబట్టి జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, అదీ నోటి ద్వారా. ఎవరైనా సూది వేస్తానంటే పేరు కాగితం మీద రాసి ఇవ్వమనండి. రాసివ్వనంటే వేయించుకోకండి. ఊళ్లో రోజూ ముఖాలు చూసుకునే మనిషిని అలా అడగడం కష్టమే. ‘రేపు దవాఖానలో అడుగుతరు’ అనండి, సులువుగా నడిచిపోతుంది.

సున్నం-బెల్లం పట్టు మీద అత్తమ్మతో గొడవ అక్కర్లేదు. అది ఎందుకు వద్దో మాత్రం తెలుసుకోండి. సున్నం పిల్లల పల్చటి చర్మాన్ని కాలుస్తుంది. చెక్కుకుపోయిన చోట ఇంకా ఎక్కువ. పైగా ఎండిన పట్టు కింద ఎరుపు ఎంత దూరం పాకిందో కనిపించదు. అసలు నష్టం ఆ రెండోదే. బదులుగా వేడి కాపడం పెట్టమనండి. మరిగించి, చెయ్యి ఓర్చుకునేంత గోరువెచ్చగా ఆరిన నీళ్లలో శుభ్రమైన నూలు గుడ్డ ముంచి, పిండి, పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. గడ్డ తనంతట తాను మెత్తబడి మొన తేలుతుంది. పిండకండి, సూదితో పొడవకండి. ముక్కు చుట్టూ, పై పెదవి మీద లేచిన గడ్డల జోలికి అసలు పోవద్దు. అక్కడి రక్తనాళాలు తలలోకి కలిసి ఉంటాయి. చీము కారితే సబ్బు నీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ కట్టండి. తువ్వాలు వేరుగా పెట్టండి, గోళ్లు కత్తిరించండి. జ్వరం లేకుండా, చిన్నగా ఉండి, చీము బయటికి పోయిన గడ్డకు చాలాసార్లు యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు.

ఇంట్లో ఉంచి చూడటం అంటే ఊరికే కూర్చోవడం కాదు, కొలవడం. గడ్డ సైజు ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. రెండు చూపుల మధ్య ఎంత మారిందన్నదే తెలియాలి. వాపు అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీసి, పక్కన టైము రాయండి. మన ఛాయలో ఎరుపు తేటగా కనిపించదు, ముదురు రంగుగానో రాగి రంగుగానో ఉంటుంది. అందుకే కంటిని ఒక్కదాన్నే నమ్మకండి. చేతి వెనక భాగం ఆనించి ఎక్కడి దాకా వేడిగా ఉందో, వేలితో నొక్కి ఎక్కడి దాకా గట్టిగా ఉందో చూసి ఆ అంచున గీయండి. కాలికైతే ఒక దారం తీసుకుని పిక్క చుట్టూ చుట్టి, కొలత దగ్గర గుర్తుగా ముడి వేసి తీసేయండి, కాలికి కట్టి ఉంచొద్దు. రెండో కాలికి అదే ఎత్తున చుట్టి తేడా చూడండి. ఆరు గంటల తర్వాత వాపు గీత దాటిందా? మళ్లీ చుడితే దారం చాలట్లేదా? దాటితే ఆ రోజే డాక్టర్ చూడాలి. జ్వరం కూడా ఉంటే రాత్రి అయినా సరే. గడ్డ నుంచి గజ్జల వైపో చంక వైపో చార పాకినా అంతే. గజ్జల్లో బిళ్ళ కట్టడం మాత్రం అంత భయపడాల్సింది కాదు. కాలికి పుండు అయితే అక్కడ బిళ్ళ కట్టడం మామూలే. ఆ బిళ్ళే ఎర్రబడి, వాచి, ముట్టుకోనివ్వకపోతే చూపించండి.

జ్వరం దగ్గర అందరూ అంకెలో చిక్కుకుంటారు. నాలుగేళ్ల పిల్లవాడికి 103 వచ్చి, మందు వేశాక లేచి బిస్కెట్ అడిగితే ఆ రాత్రి ఇంట్లో ఉండొచ్చు. 100 మాత్రమే ఉండి, తల వాల్చేసి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటుంటే ఉండకూడదు. కాబట్టి పారాసెటమాల్ వేశాక గంటకు పిల్లవాణ్ణి చూడండి. ఒళ్లు కాస్త చల్లబడ్డాక కూడా ఆట, చూపు, ఏడుపు ఎప్పటిలా లేకపోతే అదే మీ జవాబు. మందు బరువును బట్టి వేయాలి, వయసును బట్టి కాదు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంగన్‌వాడీలో నెలనెలా తూచి రాస్తారు కదా, ఆ బరువు తీసుకోండి. 14 కిలోల పిల్లవాడికి ఒక మోతాదు 140 నుంచి 210 మిల్లీగ్రాములు. సీసా మీద ‘5 మి.లీ.లో 250’ అని ఉంటే అది 3 నుంచి 4 మి.లీ., ‘5 మి.లీ.లో 125’ అని ఉంటే 6 నుంచి 8 మి.లీ. చాలా ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. పాత సీసా కొలత కొత్త సీసాకు వాడతారు. చుక్కల మందైతే ఇంకా చిక్కగా, 1 మి.లీ.కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మోతాదుకు మోతాదుకు మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు. రోజుకు నాలుగుసార్లు మించకూడదు.

ఇప్పుడు, ఎవరినీ అడగకుండా బయల్దేరాల్సిన సంగతులు. ఏమీ తాగలేకపోవడం, లేదా తాగినదంతా కక్కేయడం. ఫిట్స్. లేపినా సరిగా లేవకపోవడం. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడటం. కుదురుగా ఉన్నప్పుడు కూడా ఊపిరి వేగంగా ఆడటం. ఊపిరి లెక్కకు పూర్తి నిమిషం పొట్ట మీద చూపు పెట్టాలి, పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు కాదు. ఏడాది దాటి ఐదేళ్ల లోపు వాళ్లకు నిమిషానికి 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకు 50, రెండు నెలల లోపు వాళ్లకు 60 వస్తే ఎక్కువని అర్థం. ఎనిమిది గంటలు దాటినా మూత్రం పోయకపోవడం. ఒళ్లు కాలుతుంటే కాళ్లు చేతులు మంచులా ఉండి, చర్మం మచ్చలు మచ్చలుగా కనిపించడం. అప్పుడు గోరు మీద ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడ్డ చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, మూడు దాటితే రక్తప్రసరణ తగ్గిందని. ఒంటి మీద ఎర్రటి, ఊదా చుక్కలు లేస్తే గాజు గ్లాసు ఆనించి నొక్కండి. గ్లాసులోంచి చూస్తే మాయం కాకుండా అలాగే ఉన్నాయంటే ఆగకండి. కంటి రెప్ప వాచి కన్ను మూసుకుపోయి జ్వరం ఉన్నా, చర్మం మీద వాపు కొద్దిగానే కనిపిస్తూ నొప్పి మాత్రం విపరీతంగా ఉన్నా అంతే.

ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ అక్కర్లేదు. టైము చూసుకోండి, ఐదు నిమిషాలు దాటితే 108. ఆగిపోయినా వెంటనే ఆసుపత్రిలో చూపించాలి.

ఈ గుర్తులేవీ లేనప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. ఇంట్లో ఒక రోజు గీత గీసి చూడటం మొదటిది. గడ్డ చిన్నది, జ్వరం లేదు, పిల్లవాడు ఆడుకుంటున్నాడంటే దీనిలో నష్టం లేదు. ఖర్చు లేదు, అనవసర మందులూ ఉండవు. కానీ ఎవరూ కొలవకుండా ‘చూద్దాం’ అనుకుంటే మీకు జరిగినట్టే రెండు రోజులు గడిచిపోతాయి. రెండోది పొద్దున్నే పీహెచ్‌సీ. జ్వరం ఉండి పిల్లవాడు బాగానే ఉంటే, గడ్డ రెండు రోజులకు మొన తేలకపోతే, తేనె రంగు పొక్కులు ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకుతుంటే ఇది సరిపోతుంది. మందులు ఉచితం, అవసరమైతే పెద్ద దవాఖానకు చీటీ రాస్తారు. రాత్రిపూట అక్కడ డాక్టర్ ఉంటారో లేదో మాత్రం ఆశా కార్యకర్తను ఇప్పుడే అడిగి పెట్టుకోండి, తలుపు తట్టి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. మూడోది రాత్రికి రాత్రే వరంగల్. అక్కడి పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంలో పిల్లల విభాగం ఉంది, అత్యవసర వైద్యం రాత్రంతా నడుస్తుంది. జనం ఎక్కువ, వరండాలో నిరీక్షించాలి, మామూలు జలుబుతో పోయిన పిల్లవాడు అక్కడి పిల్లల నుంచి ఇంకో జబ్బు తెచ్చుకోవచ్చు కూడా. అందుకే ప్రతి తుమ్ముకూ అక్కడికి పోవడం మంచిది కాదు. కానీ పైన చెప్పిన గుర్తు ఒక్కటి ఉన్నా ఈ అసౌకర్యాలేవీ లెక్కలోకి రావు. పిల్లవాడు మత్తుగా ఉన్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆటో కంటే 108 మేలు. అందులో ఆక్సిజన్ ఉంటుంది, పైసా తీసుకోరు.

మూడు వేల మాట. అనవసరంగా పోయిన రాత్రికి ఆ డబ్బు, నిద్ర నష్టం. ఆలస్యంగా పోయిన రాత్రికి ఆపరేషన్, నెల రోజుల మందులు, ఒక్కోసారి జీవితాంతం కుంటి కాలు. ఈ రెండు నష్టాలూ సమానం కావని మీ ఆయనకు పగటిపూట, పిల్లలు బాగున్నప్పుడు చెప్పండి. అప్పుడే ఒక ఒప్పందానికి రండి: ఈ గుర్తుల్లో ఒకటి కనిపిస్తే మీరు ‘పోవాల్నా?’ అని అడగరు, ‘పోతున్న’ అని చెబుతారు. హైదరాబాద్‌లో ఉన్న మనిషికి ఫోన్‌లో పిల్లవాడు కనిపించడు. ఆయన ‘పొద్దున దాకా చూడు’ అన్నది అశ్రద్ధతో కాకపోవచ్చు, మీరు అడిగిన ప్రశ్నకు ఆయన దగ్గర ఇంకో జవాబు లేదు. ఆటో అబ్బాయి నంబరు, విడిగా ఉంచిన వెయ్యి రూపాయలు, ఆధార్, రేషన్ కార్డు, టీకాల కార్డు, పాత చీటీలు ఒకే సంచిలో పెట్టండి. టీకాల కార్డు ఎందుకంటే, దెబ్బ తగిలిన పిల్లవాడికి ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందో అక్కడ మొదటే అడుగుతారు.

అత్తమ్మను మాత్రం పక్కన పెట్టకండి. ‘పిల్లలకు గడ్డలు కావా’ అన్న మాట అబద్ధం కాదు, వందలో ఎక్కువ భాగం ఆమె అన్నట్టే తగ్గిపోతాయి. ఆమె అనుభవాన్ని పనిలో పెట్టండి. ‘అత్తమ్మా, పిల్లగాడు ఎప్పటిలెక్కనే ఉన్నడా, జర చూసి చెప్పు’ అని అడగండి. పిల్లవాడు మందకొడిగా మారడం రోజంతా ఒళ్లో పెట్టుకున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. ఊపిరి లెక్కపెట్టడం, గంటకోసారి రెండు గుక్కలు తాగించడం ఆమెకు అప్పజెప్పండి. తానే లెక్కపెట్టి 48 అని చెప్పిన మనిషి మిమ్మల్ని ఆగమనదు.

ఇంకో సంగతి, బాబు విషయంలో. చర్మం మీది పుండ్లు, పొక్కులు మానిన రెండు మూడు వారాలకు, కొందరిలో ఇంకాస్త ఆలస్యంగా, మూత్రపిండాలు వాచే జబ్బు ఒకటి వస్తుంది. అరుదే, కానీ తల్లులకు ఎవరూ చెప్పరు. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బి, మూత్రం డికాక్షన్ రంగులో కొద్దికొద్దిగా వస్తే అదే రోజు చూపించాలి. మళ్లీ మళ్లీ గడ్డలు లేస్తుంటే వేళ్ల సందుల్లో, నడుము దగ్గర రాత్రిళ్లు దురద ఉందేమో చూడండి. గజ్జి ఉంటే గోకిన చోటల్లా చీము పడుతుంది. అప్పుడు గజ్జి మందు ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, ఒక్క పిల్లవాడికే రాస్తే వారంలో తిరిగి అంటుకుంటుంది.

పాప గడ్డకు వద్దాం. చెవి వెనక శనగగింజంత, వేలితో జరిపితే కదులుతూ, నొక్కినా ఏడవకుండా ఉంటే అది చాలావరకు గడ్డ కాదు, బిళ్ళ. తలలో పొక్కులు, పేలు, మాడు మీద పొరలు ఉన్నాయేమో వెతకండి. కారణం అక్కడ ఉంటుంది, అది తగ్గితే ఇదీ మెల్లగా తగ్గుతుంది. టీకా రోజున ఏఎన్‌ఎంకు చూపిస్తే చాలు. అదే గనక కదలకుండా, ఎర్రగా వేడిగా ఉండి, చెవి ముందుకు తోసినట్టు నిలబడి, జ్వరమో చెవిలో చీమో ఉంటే అది చెవి వెనక ఎముకకు చేరిన ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి ఎదురుచూడకూడదు, నేరుగా పెద్ద ఆసుపత్రికే. తొమ్మిది నెలల పిల్ల కాబట్టి పాలు రోజూ తాగేదాంట్లో సగానికి పడిపోయినా చూపించండి. మీ బంధువుల్లో ఎవరికైనా మూడు నెలల లోపు పసికందు ఉంటే వాళ్లకు ఒక్క మాట చేరవేయండి: ఆ వయసులో 100.4 జ్వరం చాలు, ఇంకే గుర్తూ అక్కర్లేదు, ఆ రాత్రే పోవాలి. నెల లోపు పిల్లకైతే చీము పొక్కులు లేచినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా అదే రోజు చూపించాలి.

మిగిలిన సిరప్ పాపకు వద్దు. అది బాబు బరువుకు, బాబు జబ్బుకు ఇచ్చింది. పొడిలో నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ చాలా రకాలు ఏడు రోజులకే, కొన్ని పద్నాలుగు రోజులకు పనికిరాకుండా పోతాయి. అదీ సీసా మీద చెప్పినట్టు చల్లగా ఉంచితేనే. సగం ఎందుకు మిగిలిందో మాత్రం ఒకసారి చీటీ తీసి చూడండి. రాసిన రోజులన్నీ వేశాక మిగిలిందా, తగ్గింది కదా అని మధ్యలో ఆపారా? ఆపి ఉంటే, బాబు కాలు మీద ఆ చోట నొక్కి చూడండి. గట్టిగా గానీ వేడిగా గానీ ఉంటే చీటీతో సహా పీహెచ్‌సీలో చూపించండి. సీసా మాత్రం పారేయండి.